గట్టుమీద నిలిచిన అభిమాని

ఆట యనగానే మన దృష్టి ఆడువారిమీదికే పోవును. తెలుగున ఈ మాటకొక విశేషము కలదు. పూర్వపు వ్రాతలో నడుమ అరసున్న యుండినచో ‘ఆఁడువారు’ అనగా స్త్రీలు; అరసున్న లేనిచో ‘ఆడువారు’ అనగా ఆట ఆడెడివారు. నేడు అరసున్న వాడుకనుండి తొలగుటచే రెండు మాటలును ఒక్క రూపము దాల్చినవి. స్త్రీలు ఫుట్‌బాలు ఆడుట తగునా యని ఒకప్పుడు దేశదేశములలో పెద్దలు వాదులాడిరి. మన లిపి మాత్రము ఆ వాదమును చల్లగా తీర్చివేసినది.

అయితే ఈ వ్యాసమున మేము ముఖ్యముగ చెప్పదలచినది ఆడువారిని గూర్చి గాక చూచువారిని గూర్చి. చూచువారనగా మహాక్రీడాంగణములలో క్రిక్కిరిసిన జనసమూహము కాదు. ఒక చిన్న పట్టణమున, క్రింది అంతస్తు లీగులో, స్త్రీలు ఆడు పోటీని చూడవచ్చి పచ్చికగట్టుమీద నిలుచు పిడికెడుమందిని గూర్చియే మా తలంపు. 2022 ఏప్రిల్ నెలలో బార్సిలోనా నగరమున జరిగిన స్త్రీల పోటీకి 91,648 మంది వచ్చిరి. అదే సంవత్సరము జూలై 31వ తేదీన లండను వెంబ్లీ మైదానమున ఇంగ్లండు జట్టు జర్మనీ జట్టును 2-1 గోళ్లతో ఓడించి యూరపు విజేతయైన నాడు 87,192 మంది యుండిరి. అట్టి చోట ఒకరు రాకున్నను లోటు కనబడదు. మూడువందలమంది వచ్చు పోటీకి ముప్పదిమంది రానిచో పదవవంతు జనము తగ్గినట్లే. తక్కువమంది యున్నచోట ప్రతియొక్కరును లెక్కలోనికి వత్తురు. ఈ పాఠమంతయు ఆ యొక్క మాటకు వివరణమే.

అంతస్తుల లెక్క

ఇంగ్లండు దేశమున స్త్రీల ఫుట్‌బాలు మేడవలె అంతస్తులుగ కట్టబడియున్నది. పైనున్న రెండు అంతస్తులును దేశమంతకు ఒక్కొక్కటే. 2025 నాటి ఏర్పాటు ప్రకారము మూడవ అంతస్తు ఉత్తర, దక్షిణ విభాగములుగ రెండై, నాల్గవ అంతస్తు ప్రాంతములనుబట్టి నాలుగై యున్నది. దానికి దిగువన ప్రాంతీయ లీగులు, జిల్లా లీగులు గలవు. గెలిచిన జట్టు మెట్టెక్కును. చివర నిలిచిన జట్టు మెట్టు దిగును.

పై అంతస్తున ఆడు స్త్రీలకు ఆటయే జీవనోపాధి. క్రింది అంతస్తులలో అట్లు కాదు. అచ్చట ఆడువారిలో ఉపాధ్యాయినులు, నర్సులు, కళాశాల విద్యార్థినులు, కార్యాలయములలో పనిచేయువారు ఉందురు. పగలెల్ల తమ పని చూచుకొని, సాయంకాలము దీపముల వెలుగున అభ్యాసము చేయుదురు. ఆదివారము పోటీ ఆడి, సోమవారము మరల పనికి పోవుదురు.

కాని ఆట మాత్రము ఒక్కటే. పురుషులకైనను స్త్రీలకైనను జట్టునకు 11 మందియే. రెండు భాగములుగ 90 నిమిషములే. గోలుకంబముల నడుమ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. బంతి చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు, బరువు 410 మొదలు 450 గ్రాములు. ప్రపంచకప్పు తుదిపోటీలో నున్న కొలతలే ఊరిబయటి మైదానములో నుండును. కొలతలలో లేని తక్కువతనము చూచువారి మనస్సులోనుండియే రావలెను.

ఏబదియేండ్ల నిషేధము

చూచువారి బలమెంతటిదో తెలిసికొనుటకు కొంత చరిత్ర చదువవలెను. 1914లో మొదలైన మహాయుద్ధకాలమున ఇంగ్లండు పురుషులు సైన్యమునకు పోగా, స్త్రీలు మందుగుండు తయారుచేయు కర్మాగారములలో పనికి చేరిరి. ప్రెస్టన్ పట్టణమునందలి డిక్-కెర్ కర్మాగారపు పనివారు 1917లో ఒక జట్టు కట్టిరి. ఆ సంవత్సరము క్రిస్టమస్ దినమున వారు ఆడిన పోటీకి సుమారు 10,000 మంది వచ్చిరి. వచ్చిన ధనమును గాయపడిన సైనికుల ఆసుపత్రికి ఇచ్చిరి. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలు నగరపు గుడిసన్ పార్కు మైదానమున ఆ జట్టు సెంట్ హెలెన్స్ జట్టుతో ఆడగా 53,000 మంది చూచిరి. చోటు చాలక వెలుపల నిలిచిపోయినవారు ఇంకను వేలసంఖ్యలో నుండిరి.

ఒక యేడు గడవకముందే, 1921 డిసెంబరు 5వ తేదీన, ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము ఒక తీర్మానము చేసెను. ఆ యాట స్త్రీలకు తగదనియు, తమ సంఘములోని క్లబ్బులు తమ మైదానములను స్త్రీల పోటీలకు ఇయ్యరాదనియు దాని సారాంశము. విద్యార్థులు ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. స్త్రీలు బంతి తన్నరాదని ఆ సంఘము శాసింపలేదు. శాసించుట దానికి సాధ్యమును కాదు. మైదానమును మాత్రము తీసివేసినది. మైదానము పోయినచో జనము కూడుటకు చోటు పోవును. జనము పోయినచో రుసుము పోవును. రుసుము పోయినచో ప్రయాణపు ఖర్చు, బంతి ఖర్చు, వైద్యుని ఖర్చు పెట్టువారుండరు. ఆడువారిని ఆపుటకు చూచువారిని దూరము చేసిన చాలునని ఆ పెద్దలకు బాగుగ తెలియును.

ఆ నిషేధము 1970-71 ప్రాంతమున గాని తొలగలేదు. అంతవరకు ఆ స్త్రీలు ఉద్యానములలోను, ఇతర క్రీడల మైదానములలోను ఆడుచువచ్చిరి. డిక్-కెర్ జట్టు పేరు మార్చుకొని 1965 వరకు నిలిచినది. పేరుగల మైదానము లేకున్నను, వార్తాపత్రికలలో స్థలము లేకున్నను, తాడు కట్టిన హద్దువెంబడి కొందరైనను వచ్చి నిలిచిరి గనుకనే ఆ దీపము ఆరలేదు.

లూయిస్ పట్టణపు ఉదాహరణము

ఇప్పుడు ఒక్క క్లబ్బును తీసికొని చూతము. లండనుకు దక్షిణమున, రైలులో సుమారు ఒక గంట ప్రయాణదూరమున లూయిస్ అను పట్టణము కలదు. జనాభా సుమారు 17,000. మన వైపు ఒక పెద్ద పంచాయతీకి సమానము. సుద్దకొండల నడుమ నున్న ఆ ఊరి ఫుట్‌బాలు క్లబ్బు 1885లో ఏర్పడినది. రైలు స్టేషనునకు ప్రక్కనే దాని మైదానము. చుట్టు పచ్చికగట్లు, నడుమ పల్లము. చూచుటకు పెద్ద మూకుడువలె నుండును. దానికి ‘డ్రిప్పింగ్ పాన్’ అనియే పేరు. మాంసము కాల్చునపుడు కారు కొవ్వును పట్టు పళ్లెమునకు ఇంగ్లీషున ఆ పేరు.

2010లో ఆ క్లబ్బు అభిమానుల సొత్తైనది. సభ్యుడైన ప్రతివానికిని ఒక్క ఓటే. ధనికునికి రెండవ ఓటు లేదు. అట్టి అభిమానుల క్లబ్బు 2017లో ఒక నిర్ణయము చేసెను. పురుషుల జట్టునకు ఎంత సొమ్ము కేటాయించిన, స్త్రీల జట్టునకును అంతే కేటాయింపవలెనని. జీతము పుచ్చుకొని ఆడు క్లబ్బులలో అట్లు చేసిన మొదటిదిగ లూయిస్ పేరొందినది. మరుసటి సంవత్సరము స్త్రీల జట్టు రెండవ అంతస్తునకు పోయినది. 2023 మార్చి నెలలో దేశమంతటి కప్పు పోటీలలో చివరి ఎనిమిది జట్లలో ఒకటియై, మాంచెస్టర్ యునైటెడ్ వంటి మహాజట్టును తన పళ్లెపు మైదానమునకు రప్పించినది. ఆ పోటీలో 1-3 గోళ్లతో ఓడినది. 2024లో రెండవ అంతస్తునుండి మూడవ అంతస్తునకు దిగినది.

చదువరులు ఇచ్చట నిరాశపడవచ్చును. సమానముగ ధనమిచ్చిన క్లబ్బు చివరకు కప్పు గెలిచినదని వ్రాసియుండిన కథ నిండుగ నుండెడిది. కాని క్రింది అంతస్తు ఆట కథవలె ముగియదు. ఆ జట్టు దిగిన పిమ్మట మరుసటి ఋతువున ఆ గట్టుమీదికి తిరిగి వచ్చినవాడే అభిమాని. గెలిచినపుడు వచ్చువారిని ప్రేక్షకులందురు. ఓడిన పిమ్మట కూడ వచ్చువారిని అభిమానులందురు. ఈ భేదమును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

పోటీనాడు అభిమాని చూచునది

ఇట్టి క్రింది అంతస్తు పోటీలు సాధారణముగ ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలకు మొదలగును. ద్వారమువద్ద టిక్కెట్లు చింపువారు, తేనీరు పోయువారు, హద్దుగీతలకు సున్నము వేయువారు చాలవరకు జీతము లేని సేవకులే. అభిమాని రుసుము చెల్లించి లోనికి వచ్చి, తనకు అలవాటైన చోట నిలుచును. పెద్ద మైదానమున జనఘోష తప్ప మరేమియు వినబడదు. ఇచ్చటనో గోలుకాపరి తన రక్షణపంక్తిని హెచ్చరించు కేకయు, బంతిని తన్నిన చప్పుడును, పడిన క్రీడాకారిణి విడిచిన నిట్టూర్పును వినబడును. బంతి గట్టుదాటి పోయినచో ఒక బాలుడో బాలికయో పరుగెత్తి తెచ్చి ఇచ్చును.

ఆట తెలియనివాడు బంతినే చూచును. తెలిసినవాడు బంతి లేని చోటును చూచును. కుడిప్రక్క క్రీడాకారిణి బంతి రాకముందే హద్దువెంబడి పరుగెత్తుచున్నదనుకొందము. ఆమెను ఆపుటకు ప్రత్యర్థి రక్షకురాలు తన చోటు విడిచి వచ్చును. ఆ విడిచిన చోటికి మరియొకతె చొరబడును. బంతి అప్పుడు మాత్రమే అచ్చటికి వచ్చును. మొదట పరుగెత్తినామె బంతిని తాకనే లేదు. ఆమె పేరు పత్రికలో పడదు. అయినను గోలు ఆమె పరుగులోనే పుట్టినది. ఇది గట్టుమీద నిలిచినవానికి స్పష్టముగ కనబడును. అతడు చేయవలసిన పని, ఆ పేరు పడని పరుగునకు చప్పట్లు కొట్టుట.

ఆఫ్‌సైడు నియమము చాలమందిని తికమక పెట్టును. ఆడునామె ప్రత్యర్థుల సగభాగమున నుండవలెను. బంతికంటెను, ప్రత్యర్థులలో చివరినుండి రెండవ వ్యక్తికంటెను గోలురేఖకు చేరువగ నుండవలెను. తోటివారు బంతిని తన్నిన క్షణమున ఆమె అట్లుండి, ఆ పిమ్మట ఆటలో కలుగజేసికొనినచో అది ఆఫ్‌సైడు. బంతి చేరినపుడు గాక తన్నినపుడు ఎచ్చట నున్నదని చూడవలెను. క్రింది అంతస్తులలో చిత్రమును మరల వేసి చూచు యంత్రము లేదు. ఒక రిఫరీయు, జెండాలు పట్టిన ఇద్దరు సహాయకులును తమ కంటితో చూచి తీర్పు చెప్పుదురు. పొరపాటు జరుగుట సహజము. అభిమాని గొణుగవచ్చును, తిట్టరాదు. ఆ రిఫరీయు రేపు తన ఉద్యోగమునకు పోవలసినవాడే, లేక పోవలసినదే.

తన జట్టు రెండు గోళ్లు వెనుకబడి, పదునైదు నిమిషములు మాత్రమే మిగిలిన సమయమున అభిమానికి అసలు పరీక్ష వచ్చును. వాన తుంపరలు పడుచుండును. ఇంటికి పోయిన తప్పుపట్టువారు లేరు. కాని ఇచ్చట మైదానము చిన్నది. ఆడువారికి గట్టుమీదివారి ముఖములు తెలియును. ఎవరు నిలిచిరో, ఎవరు వెనుదిరిగిరో వారికి కనబడును. కాబట్టి ఆ పదునైదు నిమిషములు నిలుచుటయే అతని ఆట.

మన దేశమున

మన దేశమున స్త్రీల ఫుట్‌బాలు సమాఖ్య 1975లో ఏర్పడినది. 1980 జనవరి నెలలో కోళిక్కోడు నగరమున జరిగిన ఆసియా పోటీలలో మన స్త్రీలు రెండవ స్థానము పొందిరి. 1983లో బ్యాంకాకున మరల రెండవ స్థానము పొందిరి. అయినను క్లబ్బుల నడుమ జరుగు జాతీయ లీగు 2016-17 ఋతువున గాని ఆరంభము కాలేదు. మొదట ఆ పోటీల చివరి ఘట్టమును ఏదో ఒక్క నగరమున నడపెడివారు. ఆడువారికి అది పరాయి ఊరు, గట్టుమీద తమవారుండరు. 2023-24లో ఒక్కొక్క జట్టును తన సొంత మైదానమునను, ప్రత్యర్థుల మైదానమునను ఆడు పద్ధతి వచ్చినది. రెండవ అంతస్తు లీగును ఆ ఋతువుననే మొదలైనది. దానిలో మాత్రము జట్లను సమూహములుగ చేర్చి ఒక్కొక్క చోట ఆడించిరి. అనగా అభిమాని యవసరము ఎచ్చట ఎక్కువో అచ్చటనే అతడు దూరమున నుండెను.

తెలుగువారు చిరకాలముగ నివసించు రాష్ట్రముల పేర్లు ఈ లీగు చరిత్రలో కనబడుట మనకు సంతోషము. ఒడిషాలోని కటకమునకు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్బు 2018లోను, తమిళనాటి మదురకు చెందిన సేతు క్లబ్బు 2019లోను విజేతలైరి. హర్యానాలో అలఖ్‌పురా యను గ్రామపు బాలికల జట్టు మొదటి లీగులోనే మహానగరముల జట్లతో సమానముగ నిలిచి ఆడెను. మన నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు క్లబ్బున చేరి, 2024-25 సంవత్సరమునకు దేశమున ఉత్తమ క్రీడాకారిణిగ అఖిల భారత సమాఖ్యచే ఎన్నుకొనబడెను. వీరందరును మొదట ఆడినది పేరులేని మైదానములలోనే. వారిని మొదట చూచినవారు పదుగురో, ఇరువదిమందియో యుందురు.

తల్లిదండ్రులకు ఒక మాట

మా బోధనానుభవమున ఒక సంగతి మరల మరల కనబడుచున్నది. ఆరవ తరగతిలో జింకపిల్లలవలె పరుగెత్తు బాలికలు తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి మైదానపు అంచున కూర్చుండి నోటుపుస్తకములు కాపలా కాయుదురు. కాళ్లలో బలము తగ్గి కాదు. ఇంటిలో పని, ఆఖరి బస్సు వేళ, దుస్తులను గూర్చి ఇరుగుపొరుగువారి వ్యాఖ్య, ఇవన్నియు కారణములే. వీనికంటె పెద్ద కారణము మరొకటి కలదు. బాలురు ఆడునపుడు చూచుటకు వత్తురు. బాలికలు ఆడునపుడు వేడుక చూచుటకు వత్తురు. చూచుట వేరు, వేడుక చూచుట వేరు. పరుగెత్తు బాలికను చూచి ఈలవేయువాడు ఒక్కడున్నను, ఆమె మరుసటి వారము రాదు. ఆ ఒక్కని నోరు మూయించుటకు తగవులాడ నక్కరలేదు. నలుగురు తల్లులు, నలుగురు తండ్రులు వచ్చి గట్టున నిలిచినచో వాడు తనంతటతానే తొలగును.

అల్పసంఖ్యాకులమైన మనకు ఈ లెక్క క్రొత్తది కాదు. ఒక తెలుగు తరగతిలో ఇరువదిమంది పిల్లలున్నచో, ముగ్గురు వేరు బడికి మారినంత మాత్రమున ఆ తరగతి నిలుచునా యని దిగులు పుట్టును. ప్రతి సంవత్సరము చేర్పుల దినమున తమ బిడ్డ చేయి పట్టుకొని ఈ బడి గడప ఎక్కిన తల్లిదండ్రులవలననే ఈ పత్రిక యైనను అచ్చగుచున్నది. అభిమానము వేరు పనులు మానుకొని నడచివచ్చు కాళ్లలో నుండునని వారికి ఎవరును బోధింపనక్కర లేదు. వారు బడికి చూపిన ఆ నిలుకడను బడిలోని బాలికల ఆటకును చూపవలెనని మా విన్నపము.

బహుమతి ప్రదానమునాడు వచ్చి చప్పట్లు కొట్టుట మంచిదే. అంతకంటె మేలు, మామూలు సాయంకాలమున, బహుమతి లేని పోటీనాడు, ఒక గంటసేపు గట్టుమీద నిలుచుట. ఆట తెలియకున్న బిడ్డనే అడిగి తెలిసికొనవచ్చును. ఆమె తప్పు తన్నినపుడు నవ్వవద్దు. పడినపుడు పరుగున పోయి లేపవద్దు, తానే లేచును. ఓడివచ్చిన రోజున ఎన్ని గోళ్లతో ఓడితివని గాక, ఎచ్చట ఆడితివి, ఎవరికి బంతి అందించితివి అని అడుగుడు. ఆ ప్రశ్నకు ఆమె చెప్పు జవాబు చాల పొడవుగ నుండును.

అభ్యాసము

1. 1921 నాటి తీర్మానము ఆటను గాక మైదానమును ఎందుకు నిషేధించినది? దాని ఫలితములను వరుసగ వ్రాయుడు.

2. ప్రేక్షకునికిని అభిమానికిని గల భేదమును లూయిస్ క్లబ్బు ఉదాహరణముతో వివరింపుడు.

3. ఆఫ్‌సైడు నియమమును పటము గీసి మీ ఇంటిలోని పెద్దలకు తెలుపుడు.

4. ‘ఆడువారు’, ‘ఆఁడువారు’ అను మాటలను సొంత వాక్యములలో ప్రయోగింపుడు.

5. మన బడి బాలికల పోటీ నొకదానిని చివరివరకు నిలిచి చూచి, బంతిని తాకకయే జట్టునకు మేలు చేసిన ఒక క్రీడాకారిణిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.